పడమటి వరస

వాలిన తర్వాత 12వ రోజు

ఇది మూడో తెప్ప ఉతుకుడు గది పుస్తకం. రాసేది నూకరత్నం, వయసు యాభై నాలుగు. ఏ వరస బట్టలు ఎన్ని వచ్చాయి, ఎన్ని ఉతికి పంపాం, మంచినీళ్ళు ఎంత వాడాం అన్నది రోజూ ఇందులో రాయాలి. అంతకుమించి రాయమని ఎవరూ అడగలేదు. పేజీలో సగం ఖాళీగా ఉంటోంది కాబట్టి రాస్తున్నాను.

తెప్ప తూర్పు వైపుకి దిగి ఇవాళ్టికి పన్నెండు రోజులు. అడుగున ఉన్న గాలి గదుల్లో ఒకటి పగిలి నీళ్ళు పట్టాయట. ఆఫీసు గోడకున్న గాజు గొట్టంలో బుడగ ఆరు దగ్గర ఆగింది. ఆరు డిగ్రీలంటే వినడానికి చిన్నదే. కానీ ఉతుకుడు గదిలో తొట్లన్నీ ఒకవైపే పొర్లుతున్నాయి. బకెట్టు కింద పెడితే జారిపోతోందని తాడు కట్టి మేకుకి తగిలిస్తున్నాను. మా అమ్మాయి లోవకుమారి తన అయిదు నెలల పాపని చాప మీద పడుకోబెట్టి తూర్పు పక్కన దిండు అడ్డం పెడుతోంది. పిల్ల దొర్లుకుంటూ వెళ్ళి ఆ దిండుకే ఆనుకుంటోంది.

నాచు హాలు మాత్రం ఒక్క పూట కూడా ఆగలేదు. హాల్లో ఉన్నది ఒకటే బల్ల, ఉత్తరం గోడ నుంచి దక్షిణం గోడ దాకా నేలకి బిగించి ఉంది. దాని మధ్యలో బెల్టు మీద సముద్రపు నాచు వస్తూ ఉంటుంది. పడమటి వైపు నలభై మంది ఆడవాళ్ళు నిలబడి మొదళ్ళు కోసి బుట్టల్లోకి తీస్తారు. తూర్పు వైపు నలభై మంది వాళ్ళకి ఎదురుగా నిలబడి ఏరి బుట్టల్లో వేస్తారు. రోజుకి ఎనిమిది గంటలు. హాల్లో ఒక మనిషి నిలబడితేనే ఆ కుటుంబానికి తెప్ప మీద ఒక గది. మా ఊళ్ళు నీళ్ళలోకి పోయాక మాకు మిగిలిన నేల ఇదే. అందుకని ఎవరూ పని మానరు. లోవ ప్రసవమైన రెండో నెలకే హాలుకి వెళ్ళింది, తూర్పు వరసలోకి.

పడమర 40 జతలు. తూర్పు 40 జతలు.

33వ రోజు

చీర మీద తొడిగే హాలు చొక్కా మెడ దగ్గర వరస గుర్తు ఉంటుంది. పడమటి వరసకి నీలం దారం, తూర్పు వరసకి ఎర్ర దారం. మూటలు విప్పి, దారం చూసి, రెండు తొట్లలో వేస్తాను. పది రోజులుగా నీలం దారం బట్టల మధ్య లోపావడాలు చుట్టచుట్టి వస్తున్నాయి. విప్పితే వాసన. ఆడదాన్ని, ఇద్దర్ని కన్నదాన్ని, ఆ వాసన ఏమిటో నాకు తెలుసు. మొదట ఎవరో ఒకరికి ఒంట్లో బాగాలేదనుకున్నాను. తర్వాత చుట్టలు ఎక్కువయ్యాయి.

ఇవాళ మధ్యాహ్నం అన్నం వేళకి కాసులు వచ్చింది. కాసులమ్మ నాకంటే ఏడేళ్ళు చిన్న. పాత ఊళ్ళో మా ఇళ్ళు ఒకే గోడకి ఆనుకుని ఉండేవి. హాల్లో ఆమె కోసినంత వేగంగా మొదళ్ళు కోసేవాళ్ళు లేరు. కొంగులో ఏదో దాచుకుని నేరుగా చేతి తొట్టి దగ్గరికి వెళ్ళింది.

"నా బట్టలు నేను పిండుకుంటానొదినా. నువ్వెల్లి అన్నం తిను."

"మిషనుండగా నీకెందుకే ఈ తిప్పలు?"

"సెప్పింది సెయ్యి."

నేను కదలలేదు. కాసులు నీళ్ళలో చేతులు పెట్టుకుని, నా వైపు చూడకుండా చెప్పింది. "దగ్గితే ఆగట్లేదొదినా. బుట్ట ఎత్తినా ఆగట్లేదు. నలుగుర్ని కన్నాను గదా. వయసు మీద పడింది, అంతే."

"పెట్టెకి సెప్పావా?"

పెట్టె అంటే వైద్యపు పెట్టె. హాలు బయట గోడలో ఉంటుంది. చెప్పుకున్నవాళ్ళకి మందు ఇస్తుంది.

"పెట్టెకి సెబితే ఒడ్డు ఆఫీసుకి సెప్పినట్టే. హాల్లో నిలబడలేదని రాసుకుంటే నా గది ఉంటదా? ఊపిరాడని మొగుడినీ, పిల్లల్నీ ఏసుకుని ఎక్కడికెల్లను?"

ఆమె పిండిన పావడాలు రెండూ నా బట్టల మధ్య ఆరేశాను.

47వ రోజు

మూడు రోజులుగా విడిగా లెక్కపెట్టాను. రోజువారీ లెక్కలో వేయలేదు, ఇక్కడ రాస్తున్నాను. నీలం దారంలో నలభైకి ముప్ఫై ఒకటి. ఎర్ర దారంలో నలభైకి నాలుగు.

కాసులు చెప్పిన మాట ఈ లెక్కకి సరిపోవడం లేదు. తూర్పు వరసలోనూ నలుగుర్ని, అయిదుగుర్ని కన్నవాళ్ళు ఉన్నారు. చిట్టెమ్మకి అరవై దాటాయి, ఆమె బట్టలు శుభ్రంగా ఉన్నాయి. పడమటి వరసలో దీవెన అనే పిల్లకి పంతొమ్మిదేళ్ళు. పెళ్ళే కాలేదు. నిన్న ఆ పిల్ల పావడా కూడా చుట్టలో వచ్చింది.

తినేది ఒకటే తిండి, తాగేవి ఒకటే నీళ్ళు. బూట్లు కూడా అందరివీ ఒకే రకం రబ్బరువి. తేడా అల్లా ఎటు నిలబడ్డారన్నదే. అయినా అది ఎందుకు తేడా అవుతుందో నా బుర్రకి అందలేదు.

54వ రోజు

నర్సు ఎస్తేరు గారు పడవ మీద వచ్చారు. మూడు వారాలకొకసారి వస్తారు. పొట్టిగా ఉంటారు, గట్టి మనిషి. తెప్ప ఎక్కగానే చెప్పులు విప్పేస్తారు. ఆమె రాసుకునేది ఆమె దగ్గరే ఉంటుంది, ఆఫీసుకి వెళ్ళదు. అందుకని ఈ పేజీ చూపించాను.

ఆమె చాలాసేపు చదివారు. తర్వాత హాలుకి వెళ్ళి గుమ్మంలో నిలబడి బల్ల కింద కాళ్ళు మాత్రమే చూశారు. తిరిగి వచ్చి తలుపు వేసి, "నూకరత్నం గారూ, ఇలా పడమటికి తిరిగి నిలబడండి," అన్నారు.

పడమర అంటే ఎత్తు వైపు. నిలబడ్డాను. కాలివేళ్ళు మడమల కంటే పైకి ఉన్నాయి.

"మూత్రానికి వెళ్తూ మధ్యలో ఆపుకుంటాం చూడండి, అలా లోపల బిగబట్టండి. తెలుస్తోందాండీ?"

"తెలుత్తంది."

"ఇప్పుడు తూర్పుకి తిరగండి. అదే పని చెయ్యండి."

తిరిగాను. ఇప్పుడు వేళ్ళు పల్లానికి, మడమలు ఎత్తుకి. బిగబట్టబోయాను. లోపల ఏదో కదిలింది కానీ ఇందాకటంత పట్టు అందలేదు. మళ్ళీ మళ్ళీ చేశాను. కాళ్ళు బిగుసుకున్నాయి, పిరుదులు బిగుసుకున్నాయి, కావలసిన చోట మాత్రం బలహీనంగానే ఉంది. మనసుకి అలా అనిపించిందేమో అనుకుని మళ్ళీ పడమటికి తిరిగి చూశాను. పట్టు దొరికింది.

ఎస్తేరు గారు నేల మీద కూర్చుని చెప్పారు. పొత్తికడుపు అడుగున, ముందు ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా కండరాలు పరుచుకుని ఉంటాయట. మూత్రసంచిని, గర్భసంచిని, పేగుని కింద నుంచి మోసేవి అవే. మనం నిలబడ్డప్పుడు చీలమండ ఎటు వంగితే దాన్నిబట్టి మోకాలు, తుంటి, నడుము సర్దుకుంటాయి. వేళ్ళు పైకి ఉంటే ఆ అడుగు కండరాలు బాగా బిగుస్తాయి. మడమ పైకి లేచి ఉంటే వాటి బిగువు తగ్గుతుంది.

"ఇదొక్కటే కారణం అనడం లేదు. కాన్పులు, బరువులు, దగ్గు, వయసు, అన్నీ ఉంటాయి. కానీ పడమటి వరసవాళ్ళు బల్లకేసి తిరిగితే పల్లానికేసి తిరిగినట్టు. రెండు వేళ్ళ ఎత్తు మడమ చెప్పులు తొడిగి, ఎనిమిది గంటలు నిలబెట్టి, బుట్టలు ఎత్తమన్నట్టు. అసలే అలిసిన కండరానికి బిగిసే వీలు కూడా లేకపోతే ఏం చేస్తుంది?"

"మరి తూరుపోళ్ళు?"

"వాళ్ళ అదృష్టం బాగుంది, ఎత్తుకి ఎదురుగా నిలబడ్డారు."

55వ రోజు

తెప్ప మేనేజరు త్రినాథరావు గారి దగ్గరికి ఎస్తేరు గారూ నేనూ వెళ్ళాం. ఆయన కుర్చీ తూర్పు కాళ్ళ కింద రెండు ఇటుకలు ఉన్నాయి. నేను వాటికేసి చూడటం ఆయన చూశారు. కాళ్ళు దగ్గరికి తీసుకున్నారు.

ఎస్తేరు గారు అంతా చెప్పారు. ఆయన విన్నారు. చెడ్డ మనిషి కాదు. సొరుగు లాగి కాగితాలు చూపించారు.

"నీళ్ళు తోడే పంపు కోసం పదకొండు సార్లు రాశానమ్మా. పరిశీలనలో ఉంది అని పదకొండు సార్లు జవాబొచ్చింది. ఇప్పుడు ఆడవాళ్ళకి ఇబ్బందిగా ఉందని రాస్తే ఏం అడుగుతారో తెలుసా? ఎవరెవరికో పేర్లు పంపమంటారు."

"పేర్లు పంపితే?" అన్నాను.

"వాళ్ళని ఒడ్డు శిబిరానికి దింపేసి కొత్తవాళ్ళని ఎక్కిస్తారు. వరసకి నలభై మంది ఉండాలి, అంతే వాళ్ళకి."

ఎస్తేరు గారు తన పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నారు. పేర్లు ఇవ్వలేదు.

61వ రోజు

కాసులు భర్త వీరభద్రం పగిలిన పెట్టెల చెక్కలు చివ్వి, ఒకవైపు మందంగా ఒకవైపు పల్చగా నలభై ముక్కలు చేశాడు. ఒక్కో ముక్కకి ఆగి ఊపిరి తీసుకుంటూ నాలుగు రోజులు పట్టింది. వేళ్ళ కింద మందం వైపు వచ్చేలా వేసుకుని నిలబడితే నేల చదునుగా ఉన్నట్టే. సోమవారం నుంచి పడమటి వరస వాటి మీదే నిలబడుతోంది. చుట్టలు ముప్ఫై ఒకటి నుంచి పంతొమ్మిదికి దిగాయి.

"నిన్నంతా రెండు సార్లేనొదినా," అంది కాసులు. సంతోషంగా చెప్పింది. ఇలాంటి మాటకి సంతోషపడే రోజు వస్తుందని మేమిద్దరం అనుకోలేదు.

66వ రోజు

నాచు జిగురు, ఉప్పునీళ్ళు కలిసి చెక్కలు నున్నగా అయ్యాయి. మొన్న ఉదయం పైడితల్లి కాలి కింద చెక్క జారింది. బల్ల అంచుకి చెయ్యి కొట్టుకుని మణికట్టు విరిగింది. హాలు పైకప్పులో ఉన్న కెమెరా కన్ను అది చూసి బెల్టు ఆపేసింది. గోడలో గొంతు, నేల మీద విడి వస్తువులు ఉండరాదని మూడు సార్లు చెప్పింది. చెక్కలన్నీ తీసేదాకా బెల్టు కదలదంది.

ఆడవాళ్ళే వాటిని పోగుచేసి సముద్రంలో వేశారు. రెండు రోజుల దాకా ఆ చెక్కలు పోలేదు. తెప్ప తూర్పు అంచుకి తగులుతూ అక్కడే తేలాయి. వీరభద్రం గది కిటికీ అటువైపే.

75వ రోజు

బుడగ ఏడు మీదికి వచ్చింది.

ఎస్తేరు గారు మళ్ళీ వచ్చారు. పడమటి గోడకి ఎదురుగా, అంటే ఎత్తు వైపు తిరిగి నిలబడి, లోపల బిగబట్టి పది లెక్కపెట్టి వదలాలి, అలా పది సార్లు, రోజుకి మూడు పూటలు చెయ్యాలన్నారు. అందరికీ నేర్పమని నాకు నేర్పారు.

దుప్పట్లు మడతపెడుతుండగా ఇంకొక మాట అన్నారు. మేమిద్దరమే ఉన్నాం.

"కొంచెమైనా తేడా వచ్చే పని ఒకటుంది. పూట పూటకీ వరసలు మారడం. మధ్యాహ్నం నుంచి తూర్పువాళ్ళు పడమటికి, పడమటివాళ్ళు తూర్పుకి. కన్ను తలలు లెక్కపెడుతుంది కానీ మొహాలు చూడదు కదండీ. ఎనిమిది గంటల భారం నాలుగవుతుంది."

"తూరుపోళ్ళకి?"

"వాళ్ళకి సున్నా కాస్తా నాలుగవుతుంది." ఆమె దుప్పటి అంచు సరిచేశారు. "ఏడాదిలోపు కన్నవాళ్ళు మాత్రం పల్లానికి నిలబడకూడదు. కాన్పులో చిరిగినవాళ్ళు అసలు వద్దు."

లోవకి పురుడు పోసింది ఎస్తేరు గారే. ఎనిమిది కుట్లు వేశారు. ఆమెకి గుర్తుందో లేదో. నేను అడగలేదు.

79వ రోజు

అన్నం వేళకి పడమటి వరస నలభై మందీ, పైడితల్లి చోటుకి ఒడ్డు నుంచి వచ్చిన కొత్తామెతో సహా, గోడకేసి తిరిగి నిలబడి కళ్ళు మూసుకుని లెక్కపెడుతున్నారు. మగవాళ్ళు చూసి ప్రార్థన అనుకుంటున్నారు. ఎవరూ కాదని చెప్పలేదు.

బిగబట్టడం నేర్పాను. వరసలు మారే సంగతి చెప్పలేదు. రేపు చెబుదాం అనుకుంటున్నాను. నిన్నా అలాగే అనుకున్నాను.

84వ రోజు

ఉదయం పదకొండు దాటాక, పని వేళలో, కాసులు ఉతుకుడు గదిలోకి వచ్చింది. గోడ పట్టుకుని నడిచింది. మొహం పాలిపోయి ఉంది. తలుపు వెయ్యమని చేత్తో సైగ చేసింది.

"బుట్ట ఎత్తానొదినా. లోపల్నించి ఏదో దిగింది. సేతికి తగులుతంది."

పడుకోబెట్టి చూశాను. గర్భసంచి జారింది. నేను నర్సుని కాను. ఒక తడిగుడ్డ మెత్తగా మడిచి ఇచ్చాను, నడుం కింద బట్టలు ఎత్తుగా పెట్టాను. ఇంకేం చెయ్యాలో తెలియక ఆమె పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చీలమండలు వాచి ఉన్నాయి. పడవ రావడానికి ఇంకా పన్నెండు రోజులు.

కాసేపటికి అంది. "నర్సమ్మగారు ఇంకేటీ సెప్పలేదా ఒదినా? ఈ గోడకి నిలబడ్డం తప్ప?"

అబద్ధం చెప్పాలనుకున్నాను. నోట్లోంచి రాలేదు. వరసలు మారే సంగతి చెప్పాను.

"ఎప్పుడు సెప్పింది?"

"తొమ్మిది రోజులైంది."

ఆమె పైకప్పు చూస్తూ పడుకుంది. మోచేతుల మీద లేచి, గుడ్డ సర్దుకుని, "బెల్టు కాడ సానాసేపు ఒక తల తక్కువుంటే కన్ను అరుత్తది," అని మళ్ళీ హాలుకి వెళ్ళిపోయింది. నేను ఆపలేకపోయాను. ఆపి ఎక్కడ పెట్టుకుంటాను?

86వ రోజు

ఆదివారం హాలు సగం పూటే. మధ్యాహ్నం ఎనభై మందినీ ఉతుకుడు గదిలోకి పిలిచాను. తొట్ల మీద, మూటల మీద కూర్చున్నారు. లోవ పాపని ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చుంది. ఎస్తేరు గారు చెప్పినదంతా చెప్పాను. కాసులు సంగతి కాసులే చెప్పింది, గోడకి ఆనుకుని, ఎవరి మొహమూ చూడకుండా.

మొదట తూర్పు వరస చిట్టెమ్మ మాట్లాడింది. "మాకేటీ అవలేదు గదా. మంచిగున్న నలభై మందిని కూడా పాడవమంటారేటి?"

దీవెన తల వంచుకుని, "నాకింకా పెళ్ళి కాలేదత్తా," అంది. అంతే అంది.

"ఈ సంగతి నీకెప్పుడు తెలిసింది పిన్నీ?" అని వెనక నుంచి ఎవరో నన్ను అడిగారు.

నేను నోరు తెరిచేలోపు కాసులు అందుకుంది. "మొన్ననే తెలిసింది ఒదినకి. ఎంటనే పిలిసింది."

నేను అది సరిదిద్దలేదు. ఇక్కడ రాస్తున్నాను, ఇది తెప్ప మీద ఎవరూ చదవని పుస్తకం కాబట్టి. మొన్న కాదు. మొన్నటికే తొమ్మిది రోజులు దాచాను.

లోవ పాపని పక్కామెకి అందించి లేచింది. హాలు చొక్కా మెడ దగ్గర ఎర్ర దారాన్ని పళ్ళతో కొరికి, కొస పట్టుకుని లాగేసింది. దారం ఊడి కింద పడింది.

"లోవా, నువ్వొద్దు," అన్నాను. "ఏడాదిలోపు కన్నోళ్ళు మారకూడదని నర్సమ్మగారు సెప్పారు."

"పడమటి వరసలో ఏడాదిలోపు కన్నోళ్ళు ముగ్గురున్నారమ్మా. ఆళ్ళకెవరు సెప్పారు?"

తర్వాత ఒకరి వెనక ఒకరు దారాలు పీకారు. చిట్టెమ్మ అందరికంటే చివర, విసుక్కుంటూ పీకింది. నేల మీద ఎరుపు, నీలం కలిసిపోయి పడ్డాయి. చీపురుతో ఊడ్చి ఎత్తాను.

ఇక నుంచి లెక్క వరసలుగా రాయడం కుదరదు. మొత్తం 80 జతలు.

95వ రోజు

తొమ్మిది రోజులుగా మధ్యాహ్నం గంట మోగగానే ఎనభై మంది బల్ల చుట్టూ తిరిగి అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు వస్తున్నారు. కన్ను కనిపెట్టలేదు. కోత నేర్చుకునేటప్పుడు తూర్పువాళ్ళ వేళ్ళు తెగాయి, ఇప్పుడు సర్దుకున్నాయి.

చుట్టలు నలభై నాలుగు. అడిగి చూస్తే పడమటివాళ్ళలో తగ్గాయి, తూర్పువాళ్ళలో మొదలయ్యాయి. మొత్తం మీద చూస్తే పెరిగాయి. ఒక్కొక్కరికీ మాత్రం ముందంత ఎక్కువ కాదంటున్నారు. ఇది మంచో చెడో నాకు తేల్చడం రావడం లేదు.

96వ రోజు

పడవ వచ్చింది. కాసులు ఇంక నిలబడలేకపోతోంది. ఎస్తేరు గారు లోపల రబ్బరు రింగు పెట్టి సర్దారు కానీ ఆపరేషను ఒడ్డునే చేయించాలన్నారు. త్రినాథరావు గారు కాగితం రాయక తప్పలేదు. గది ఖాళీ చెయ్యాలి. వీరభద్రాన్ని ఇద్దరు పట్టుకుని పడవలోకి దింపారు. ఇద్దరు పెద్దపిల్లలు వేరే తెప్పల మీద ఉన్నారు, చిన్నపిల్లలిద్దరూ మూటలు మోశారు.

పడవ అంచు దాకా వెళ్ళాను. పడమటి వరస మొత్తం హాల్లో ఉంది, ఎవరూ రావడానికి వీల్లేదు.

"కాసులూ, ఆ తొమ్మిది రోజులు..." అని మొదలుపెట్టాను.

"నీ కూతురు బదులు నా కూతురు తూరుపు వరసలో ఉంటే నేనూ సెప్పేదాన్ని కాదొదినా." చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నెమ్మదిగా దిగింది. "అలాగని నాకు కోపం లేదనుకోకు."

పడవ తాడు విప్పారు.

98వ రోజు

నిన్న లోవ పాపకి పాలిస్తూ కూర్చుని, లేవబోయి మళ్ళీ కూర్చుంది. ఏమైందని అడిగితే ఏమీ లేదంది. నేను రెండోసారి అడగలేదు. ఆమె బట్టలు ఉతికేది నేనే.

ఇవాళ త్రినాథరావు గారి దగ్గరికి వెళ్ళాను. లోవ బదులు మధ్యాహ్నాలు నేను నిలబడతానన్నాను. ఉదయం ఆమె తూర్పున నిలబడుతుంది. గంట మోగాక ఆమె ఉతుకుడు గదికి వస్తుంది, నేను హాలుకి వెళ్తాను.

"నూకరత్నమ్మా, నీ వయసుకి..."

"కన్ను తలలే కదండీ లెక్కెట్టేది."

ఆయన కాగితాల వంక చూస్తూ, "రాతలో మీ అమ్మాయి పేరే ఉంటుంది. నాకేం తెలీదు," అన్నారు.

లోవ ఒప్పుకోలేదు. అన్నం ముట్టలేదు. "నీకవుతుంది గదా," అంది. "నాకు అవ్వాల్సినవన్నీ అయిపోయాయి," అన్నాను. ఆ మాట నిజం కాదు. అయినా ఆమె చివరికి నా బూట్ల కొలత అడిగింది.

117వ రోజు

బుడగ ఎనిమిదిన్నర. పంపు గురించి పన్నెండో జవాబు వచ్చిందట, పరిశీలనలోనే ఉందట.

ఎస్తేరు గారు కాసులు కబురు తెచ్చారు. శిబిరంలో ఉంది, ఆస్పత్రి వరసలో ఆమె వంతు రావడానికి ఇంకా నెలలు పడుతుంది. రింగు వల్ల కొంత నయం. "చదును నేల మీద నడవడం రావట్లేదని చెప్పమన్నారండీ. ప్రతి అడుగుకీ వెనక్కి పడిపోతున్నట్టు ఉందట."

నాకు నవ్వొచ్చింది. తర్వాత తొట్లో నీళ్ళు వదిలి, ఆ చప్పుడులో కాసేపు నిలబడ్డాను.

119వ రోజు

మధ్యాహ్నం మూడు గంటలకి జరిగింది. పడమటి వరసలో ఇరవై రెండో చోటు నాది. చిట్టెమ్మ నా పక్కన. బుట్ట నిండింది, ఎత్తి వెనక అరుగు మీద పెట్టాలి. బిగబట్టాను. గోడ దగ్గర నేర్చుకున్నదంతా చేశాను. వేళ్ళు పల్లానికి జారుతున్నాయి, మడమలు ఎత్తున ఉన్నాయి, లోపల పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. బుట్ట నడుం దాకా లేచేసరికి వెచ్చగా తొడల మీదుగా దిగి బూట్లలోకి పోయింది.

బుట్ట పెట్టేశాను. మళ్ళీ బల్ల వైపు తిరిగాను. ఇన్ని రోజులుగా వాళ్ళందరి పావడాలు ఉతికాను, లెక్క రాశాను, నర్సుకి చూపించాను. అది ఎలా ఉంటుందో నాకు ఇవాళే తెలిసింది. చేతులు కోస్తూనే ఉన్నాయి. కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లేత రంగు చీర కట్టుకొచ్చాను. వెనక నుంచి చూస్తే కనిపిస్తుంది.

పైడితల్లి మణికట్టు సరిగా అతకలేదు. కోతకి పనికిరాదు కాబట్టి గది పోకుండా నేల కడిగే పని ఇచ్చారు. ఎడం చేత్తో నీళ్ళ గొట్టం పట్టుకుని హాలు చివర నిలబడి ఉంది. నా వైపు ఒక్కసారి చూసింది. గొట్టం తిప్పింది.

సముద్రపు నీళ్ళు, చల్లగా, నడుం కింద నుంచి ఒక్కసారి కొట్టాయి. నన్నే కాదు. చిట్టెమ్మనీ, చిట్టెమ్మ పక్కామెనీ, అటు చివర దాకా, ఇటు చివర దాకా వరసంతా తడిపేసింది. ఎవరూ కేక వెయ్యలేదు, పక్కకి జరగలేదు. నలభై మంది చీరలు ఒకే రంగు అయ్యాయి.

గోడలో గొంతు అడిగింది, కడిగే సమయం ఇంకా కాలేదు కదా అని.

"నేల జారుతంది," అంది పైడితల్లి.

బెల్టు ఆగలేదు. నీళ్ళన్నీ మా కాళ్ళ మధ్య నుంచి బల్ల కిందుగా తూర్పుకి పారాయి.